కుక్కకు వెలిగి మనకు వెలగని దీపం

గేటు దగ్గర బిగించిన సెన్సర్ లైటుకు మనిషి కనబడడు. నిజానికి కదలిక కూడా కనబడదు. అట్టపెట్టె మీద ‘మోషన్ సెన్సర్’ అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసినా దానికి తెలిసింది ఒక్కటే: తన ముందున్న చోట వేడి ఉన్నట్టుండి పెరిగిందా, తగ్గిందా అని. మనిషి వస్తే వేడి మారుతుంది కాబట్టి వెలుగుతుంది. కుక్క వచ్చినా మారుతుంది, దండెం మీద తడి దుప్పటి ఊగినా మారుతుంది, అప్పుడూ వెలుగుతుంది. ఇది తెలియక ఏ రోగమూ లేని లైట్లను విప్పి అటకెక్కించిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. దాని కంటికి ఏం కనబడుతోందో కాస్త ఆలోచిస్తే సగం ఫిర్యాదులకు స్క్రూడ్రైవరే అక్కర్లేదు.

●

ఈ లైటుకు ముత్తాత సింహళం నుంచి వచ్చిన ఒక రాయి. 18వ శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు సిలోను నుంచి టూర్మలిన్ రాళ్ళను హాలెండుకు పట్టుకుపోయారు. నిప్పుల దగ్గర వేడెక్కిన రాయి చుట్టూ ఉన్న బూడిదను తనవైపు లాక్కోవడం, కాసేపటికి విదిల్చి పారేయడం చూసి ముక్కున వేలేసుకున్నారు. దాన్ని ‘బూడిద లాగే రాయి’ అని పిలవడం మొదలుపెట్టారు. పొగాకు పైపుల్లో అడుగంటిన బూడిద తీయడానికి వాడేవారని కూడా చెబుతారు. 1747లో లినేయస్ దాన్ని విద్యుత్ శిల అన్నాడు. 1824లో స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్, అంటే పిల్లలాడుకునే కలైడోస్కోపును కనిపెట్టినాయనే, ఈ గుణానికి పైరోఎలక్ట్రిసిటీ అని నామకరణం చేశాడు.

మన లైటులో ఉన్నది టూర్మలిన్ కాదు. అదే గుణమున్న వేరే పదార్థపు చిన్న పలుకు. కిటుకు మాత్రం ఆ రాయిదే: వేడి మారుతున్నంతసేపే అందులో విద్యుత్తు పుడుతుంది. వేడి నిలకడగా ఉంటే, అది ఎంత ఎక్కువైనా సరే, చడీచప్పుడూ ఉండదు.

అందుకే వాకిట్లో కుర్చీ వేసుకుని కదలకుండా పేపరు చదివే పెద్దాయన నెత్తిన దీపం ఆరిపోతుంది. తెల్లవారుజామున ముగ్గు వేసేవాళ్ళకూ ఇదే తంటా. నీళ్ళు చల్లుతూ అటూ ఇటూ తిరిగినంతసేపు వెలుగుతుంది, చుక్కలు పెట్టి ఒకచోట కూర్చుని మెలికలు కలిపేసరికి ఆరిపోతుంది. లైటు దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టినట్టు చేతులు ఊపాల్సిన పని లేదు. అడుగున ‘టైమ్’ అని ఉన్న నాబ్‌ను కొంచెం తిప్పితే చాలు. సాధారణంగా అది కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా పెరుగుతుంది.

●

కంటికి కనబడని వేడి కిరణాలు ఉన్నాయని తేల్చినవాడు విలియం హెర్షెల్. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త. 1800లో సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని ఖాళీ చోట, పాదరసం ఇంకా పైకెక్కింది. మన ఒంటి నుంచి కూడా ఇలాంటి కిరణాలే రాత్రింబగళ్ళు వెలువడుతుంటాయి. వాటి తరంగదైర్ఘ్యం ఎక్కువగా 9, 10 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు వదిలే వేడి దాదాపు 100 వాట్లు. సెన్సర్ లైటుకు మనమే ఒక బల్బు.

●

గేటుకు ఎదురుగా, సరిగ్గా దారిని చూస్తున్నట్టు లైటు బిగిస్తే మనం మెట్ల దాకా వచ్చినా వెలగకపోవచ్చు. అదే గోడ వారగా అడ్డంగా నడిచిన పిల్లికి టక్కున వెలుగుతుంది. పిల్లి మీద ప్రేమ కాదు. లోపల ఒకటి కాదు, రెండు పలుకులు పక్కపక్కనే, ఒకదానికొకటి ఎదురు తిప్పి కలిపి ఉంటాయి. గాలి మొత్తం వేడెక్కితే రెండింటిలోనూ ఒకేలా విద్యుత్తు పుట్టి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అలా చేయకపోతే మబ్బు తొలిగినప్పుడల్లా లైటు వెలిగేది. అడ్డంగా నడిచే మనిషి ముందు ఒక పలుకులో, తరవాత రెండో దానిలో పడతాడు కాబట్టి తేడా తెలుస్తుంది. నేరుగా ఎదురొచ్చేవాడు ఒకే పలుకులో ఉండిపోయి మెల్లగా పెద్దవుతాడు. పెట్టె మీద రాసిన 10, 12 మీటర్ల దూరం అడ్డంగా నడిచేవారి లెక్క. ఎదురొచ్చేవారికి అందులో సగం కూడా దక్కకపోవచ్చు.

లైటును దారికి ఎదురుగా కాక పక్కగోడకు మార్చండి. ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు చాలు. మేడ మీద పిట్టగోడకు బిగించి ‘పనిచేయడం లేదు’ అంటే అది దాని తప్పు కాదు.

●

ముందువైపు పాలరంగులో ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్ మూత అందానికి పెట్టింది కాదు. దాని లోపలివైపు వేలితో తడిమితే సన్నని గీతలు తగులుతాయి. అది ఫ్రెనెల్ లెన్స్. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు అగస్టిన్ ఫ్రెనెల్ లైట్‌హౌస్‌ల కోసం దీన్ని తయారుచేశాడు. 1823లో గిరోండ్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న కోర్డువాన్ లైట్‌హౌస్‌లో మొదటిసారి వెలిగించారు. అక్కడ దీపపు వెలుగును సముద్రంలోకి పంపడానికి వాడిన ఉపాయమే ఇక్కడ తిరగబడి, వాకిట్లోని వేడిని ఆవగింజంత పలుకు మీదికి చేరుస్తోంది.

లెన్స్ పాలిథీన్‌తోనే ఎందుకు? గాజులోంచి ఒంటివేడి కిరణాలు దాటవు. అందుకే కిటికీ అద్దం వెనక పెట్టిన సెన్సర్ బయటివాళ్ళను ఎప్పటికీ చూడలేదు. తమాషా ఏమిటంటే, మన కంటికి ఏమీ కనబడని పల్చటి నల్ల పాలిథీన్ కవరులోంచి మాత్రం ఆ కిరణాలు హాయిగా దాటిపోతాయి. వానకు తడుస్తుందని లైటుకు గాజు డబ్బా తొడిగిన వారిని, పెయింటింగ్ పనివాళ్ళు లెన్స్ మీద కూడా ఒక చేయి వేసిపోయిన వారిని తలుచుకుంటే ఆ లైటు మీదే జాలేస్తుంది. లెన్స్‌ను తడిగుడ్డతో తుడవండి, థిన్నరు తగలనివ్వకండి.

●

రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వైపు మే నెలలో పగలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఊళ్ళలో ‘ఎండాకాలం సెన్సర్ మొద్దుబారుతుంది’ అంటే అది నిజమే. మన చర్మం పైన ఉండే వేడి దాదాపు 32 నుంచి 34 డిగ్రీలు. పగలంతా కాగిన ప్రహరీ గోడ పొద్దుగూకాక చల్లారుతూ సరిగ్గా ఆ వేడికి దిగేసరికి, గోడ ముందు నడిచే మనిషి సెన్సర్‌కు గోడలో గోడై కలిసిపోతాడు. విచిత్రం, గోడ 40 డిగ్రీల్లో ఉన్నప్పుడు మళ్ళీ పనిచేస్తుంది. అప్పుడు మనిషి గోడ కంటే చల్లని మచ్చలా కనబడతాడు. వేడిమచ్చా, చల్లమచ్చా అన్నది దానికి పట్టింపు లేదు. తేడా ఉంటే చాలు. వేసవిలో ‘సెన్స్’ నాబ్‌ను కాస్త పెంచి, చలికాలంలో తగ్గించడం మంచి అలవాటు. పెంచినది పెంచినట్టే వదిలేస్తే సంక్రాంతి నాటికి వీధిలో పోయే ప్రతి మనిషికీ మన ఇల్లు స్వాగతం పలుకుతుంది.

●

పాము వస్తే వెలుగుతుందా? పల్లెటూళ్ళలో, పెరడున్న ఇళ్ళలో చాలామంది ఆ ధైర్యంతోనే ఈ లైట్లు పెట్టుకుంటారు. ఆ నమ్మకం పెట్టుకోకండి. పాముకు సొంత ఒంటివేడి ఉండదు. నేల ఎంత వేడిగా ఉంటే అదీ దాదాపు అంతే. పైగా సన్నగా, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. సెన్సర్‌కు కనబడే తేడా ఏమీ మిగలదు.

వేడిని పసిగట్టే విద్యలో పాములే మనకంటే ముందున్నాయి. కంటికీ ముక్కుకూ మధ్య గుంట ఉండే రకం విషసర్పాలు ఎలుక ఒంటివేడిని చీకట్లో ఆ గుంటతోనే పసిగడతాయి. మన పొలాల్లో తిరిగే రక్తపింజరకు మాత్రం ఆ గుంటలు లేవు, అది వేరే తెగ. లైటు మనల్ని చూసి వెలిగితే ఆ వెలుగులో పామును మనం చూడాలి తప్ప, పామును చూసి లైటు వెలగదు. కాబట్టి రాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు చేతిలో టార్చి ఉండాల్సిందే.

●

ఎవరూ లేకుండా అర్ధరాత్రి లైటు వెలిగితే దెయ్యాల దాకా వెళ్ళకముందు చూడాల్సిన అనుమానితులు వీరు. దండెం మీద తడిబట్టలు: ఆరేటప్పుడు చుట్టుపక్కల కంటే చల్లబడతాయి, గాలికి ఊగుతాయి, సెన్సర్ పాలిట అవి నడిచే మనుషులే. ఏసీ బయటి యూనిట్ ఊదే వేడిగాలి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను. అప్పుడే తెచ్చి పెట్టిన బండి సైలెన్సరు, కారు బానెట్టు. లెన్స్ ముందుకు పెరిగిన అరటాకు. ఆఖరుకు లెన్స్ మీదే కాపురం పెట్టిన సాలీడు. ఒక చీపురుపుల్ల, ఒక కొమ్మ నరకడం, దండెం రెండు గజాలు పక్కకు జరపడం: ఇక్కడ వైద్యమంతా ఇంతే.

బల్లి సంగతి వేరు, దానిదొక గొలుసు. లైటు వెలిగితే పురుగులు వస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది, బల్లి లెన్స్ మీద పాకితే లైటు మళ్ళీ వెలుగుతుంది. తొలకరి వానలకు ఉసిళ్ళు లేచిన రాత్రి ఈ గొలుసు తెగదు. పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయో ఈమధ్యే ఒక మంచి సమాధానం దొరికింది. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఎగిరే పురుగులు వెలుగువైపు వీపు తిప్పి ఎగురుతాయి. రాత్రిపూట అన్నిటికంటే వెలుతురుగా ఉండేది ఆకాశమే కాబట్టి, వీపు అటు ఉంటే తాము తిన్నగా ఎగురుతున్నట్టు లెక్క. మన దీపం పక్కన ఆ లెక్క తప్పి, దాని చుట్టూనే చిక్కుకుపోతాయి. అంటే దీపం మీద మోజుతో రావడం లేదన్నమాట. నీలం పాలు ఎక్కువగా ఉండే తెల్ల వెలుగు కంటే పసుపు వెలుగుకు పురుగులు తక్కువ చేరతాయి. వాకిట్లోకి వార్మ్ వైట్ బల్బు కొనుక్కోవడం మేలు.

వీధికుక్కల బాధకు మందు అల్యూమినియం టేపు. లెన్స్ అడుగు వరసల మీద ఒక పట్టీ అంటిస్తే నేల మీద తిరిగేవి కనబడవు, నిలబడి నడిచేవారు కనబడతారు.

●

పట్టపగలు వెలిగే లైటుకు, రాత్రయినా వెలగని లైటుకు కారణం ఒకే నాబ్ కావచ్చు. దాని మీద ఒక పక్క సూర్యుడి బొమ్మ, మరో పక్క చంద్రుడి బొమ్మ ఉంటాయి. సూర్యుడి వైపు తిప్పితే పగలూ పనిచేస్తుంది. చంద్రుడి వైపు చివరిదాకా తిప్పితే బాగా చీకటి పడ్డాకే. వీధిదీపం మన గోడ మీద పడుతుంటే ఆ చీకటి ఎప్పటికీ రాదు, లైటు ఎప్పటికీ వెలగదు. వెన్నెలకు ఆగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. నడినెత్తిన పున్నమి చంద్రుడు ఇచ్చే వెలుగు 0.3 లక్స్ దాటదు, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది.

ఈ నాబ్ వెనక పగలూ రాత్రీ తేల్చేది ఒక వెలుగు కన్ను. వెలుగును బట్టి తమ నిరోధాన్ని మార్చుకునే ఇలాంటి పదార్థాల కథ సముద్రం అడుగున మొదలైంది. 1873లో విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు టెలిగ్రాఫ్ కేబుళ్ళను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతుంటే వాటి లెక్కలు పూటకో రకంగా వచ్చాయి. వెలుతురు పడినప్పుడు కడ్డీలో కరెంటు తేలిగ్గా పారుతోందని ఆయన ప్రకటించాడు.

లైటు వెలుగుతూ ఆరుతూ జాతరలో సీరియల్ బల్బులా ఆడుతుంటే, దాని వెలుగు దాని కంట్లోనే పడుతోందని అర్థం. వెలగగానే ‘తెల్లారింది’ అనుకుని ఆరుతుంది, ఆరగానే ‘చీకటి పడింది’ అనుకుని వెలుగుతుంది. ఎదురుగా తెల్లగోడ ఉన్నా ఇదే పని. బల్బును కొంచెం అటు తిప్పండి.

●

కరెంటు పోయి వచ్చాక లైటు తెల్లవార్లూ వెలిగిందా? చాలా లైట్లలో ఒక దాపరికం ఉంది. స్విచ్‌ను రెండు మూడు సెకన్లలోపు ఆపి మళ్ళీ వేస్తే, ‘సెన్సర్ వద్దు, నిలకడగా వెలుగు’ అని ఆజ్ఞ ఇచ్చినట్టు. పెళ్ళో పేరంటమో ఉన్నప్పుడు వాడుకోవడానికి పెట్టిన సదుపాయం. మన కరెంటు మాత్రం గాలి వీచినప్పుడల్లా రెప్పపాటు పోయి వస్తుంది. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం కూడా దానికి ఆజ్ఞలాగే తోస్తుంది. మందు తేలిక: స్విచ్ ఆపి ఒక నిమిషం ఊరుకుని వేయడం. వేశాక మరో నిమిషం దాకా ఏమీ అనకండి. సెన్సర్ కుదురుకోవడానికి అర నిమిషం, నిమిషం పడుతుంది, ఆలోపు తనంతట తనే వెలిగి ఉండొచ్చు. కరెంటు రాగానే అపార్ట్‌మెంట్ మెట్ల మీద లైట్లన్నీ ఒక్కసారి వెలగడం అందుకే.

●

స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా ఆరకపోతే అనుమానించాల్సింది రిలేను. వెలిగేటప్పుడు ‘టిక్’ మనేది అదే. పెట్టె మీద 1200 వాట్లు అని రాసి ఉంటుంది గానీ అది పాత ఫిలమెంటు బల్బుల లెక్క. ఎల్ఈడీలకు అదే సెన్సర్ మోసేది చాలా తక్కువ, లేబుల్ మీద ఆ అంకె విడిగా ఉంటుంది. ఎల్ఈడీ వెలిగే మొదటి క్షణంలో లాగే కరెంటు ఎక్కువ కావడంతో రిలే కొసలు అతుక్కుపోతాయి. ఇక అది ఎప్పటికీ ఆరదు. వేలితో చిన్నగా తడితే ఆరిందంటే రోగం తేలినట్టే, రిలే మార్చాలి.

టకటకా కొట్టుకుంటూ వెలగలేకపోతుంటే ఓల్టేజీ తక్కువైనా ఉండాలి, లోపలి కెపాసిటర్ అరిగినా ఉండాలి. చవక సెన్సర్లలో 230 ఓల్టులను దించేది ఒక చిన్న కెపాసిటర్. ఏళ్ళు గడిచేకొద్దీ దాని సత్తువ తగ్గి, రిలేను పట్టి ఉంచలేదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ వంటి చోట ఆ కెపాసిటర్ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. కాకపోతే ఆ సర్క్యూట్ మొత్తం మెయిన్స్‌కు తగిలి ఉంటుంది. ఎంసీబీ దించకుండా, పని తెలియకుండా మూత తీయకండి.

ఆరిపోయాక కూడా ఎల్ఈడీ మినుకుమినుకుమంటుంటే ఫేజుకు బదులు న్యూట్రల్‌ను ఆపుతున్నారేమో టెస్టర్‌తో చూడమనండి. న్యూట్రల్ తీగ లేని రెండు తీగల సెన్సర్ అయినా అలాగే చేస్తుంది. తను బతకడానికి బల్బులోంచే కొద్దిగా కరెంటు లాక్కుంటుంది మరి.

●

హోల్డర్‌లో పెట్టగానే పనిచేసే ‘రాడార్’ బల్బులు పూర్తిగా వేరే జాతి. అవి వేడిని చూడవు. మైక్రోవేవ్ తరంగాలను వదిలి, తిరిగొచ్చిన వాటిలో తేడా చూస్తాయి. 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం. వీటికి గాజు అడ్డం కాదు, చెక్క తలుపు అడ్డం కాదు, పల్చటి గోడ కూడా అడ్డం కాదు. పక్కవాటాలో వాళ్ళు లేచి మంచినీళ్ళు తాగినా మన వసారా వెలుగుతుంది. గోడలో పీవీసీ పైపులో నీళ్ళు పారినా, ఫ్యాను తిరిగినా అంతే. ఎండాకాలానికి మొద్దుబారవు, అదొక్కటీ వీటి గొప్ప. అపార్ట్‌మెంట్లలో వీటిని కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

●

సోలార్ సెన్సర్ లైట్లలో చాలావాటికి విడిగా వెలుగు కన్ను ఉండదు. పైనున్న పలకే కన్ను. వీధిదీపం ఆ పలక మీద పడితే దానికి రాత్రే కాదు. దుమ్ము పట్టిన పలక పగలంతా ఎండలో ఉన్నా బ్యాటరీ నింపలేదు, వారానికోసారి తుడవాలి. మన అక్షాంశాల్లో పలక దక్షిణం వైపు కొద్దిగా వాలి ఉండాలి. కొత్తది వెలగకపోతే వెనకాల రబ్బరు మూత కింద ఆన్ మీట నొక్కారో లేదో చూడండి. రెండు మూడేళ్ళ పాతదైతే బ్యాటరీ మార్చే ఏర్పాటు ఉందేమో చూడండి. వానాకాలం మసక వెలుగు మాత్రం ఎవరి తప్పూ కాదు.

●

కరెంటు బిల్లు లెక్క: 9 వాట్ల బల్బు రాత్రంతా, 12 గంటల చొప్పున, ఏడాది పొడవునా వెలిగితే 39 యూనిట్లు. సెన్సర్ పెట్టి రాత్రికి గంట వెలిగితే 3 యూనిట్ల పైచిలుకు, సెన్సర్ తాను మేల్కొని ఉండటానికి అర వాటు తిన్నా మరో 4. మిగిలేది ఏడాదికి దాదాపు 32 యూనిట్లు. డబ్బు ఆశతో కొనేంత వస్తువేం కాదు.

●

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సెన్సర్ లైటు గురించి ఒక మాట. అక్కడి ఇళ్ళలో కరెంటు 120 ఓల్టులు, మనకు 230. వెనక లేబుల్ మీద 120 అని ఒక్క అంకే ఉంటే బిగించిన క్షణమే పొగ. 120–277 అని ఉంటే తట్టుకుంటుంది. అప్పుడు కూడా తీగల రంగులు చూసుకోవాలి. అక్కడ నల్లతీగ ఫేజు, తెల్లతీగ న్యూట్రల్. మన పాత వైరింగులో నల్లది న్యూట్రల్. మన ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ నల్లదాన్ని న్యూట్రల్‌కు కలిపేస్తే లైటు చక్కగా వెలుగుతుంది, చక్కగా ఆరుతుంది. సెన్సర్ తెంచేది మాత్రం న్యూట్రల్‌ను. ఆరి ఉన్న దీపంలోనూ ఫేజు కాచుకుని ఉంటుంది, బల్బు మార్చబోయే చేతికే ఆ సంగతి తెలుస్తుంది.